శుక్రవారం ఫిష్ ఫ్రై, శనివారం బేస్‌బాల్: చికాగో నుంచి విస్కాన్సిన్‌కు మూడు రోజుల కారు ప్రయాణం

నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు వేసవిలో విస్కాన్సిన్ వెళ్లాయంటే చాలావరకు అది డెల్స్‌లోని వాటర్ పార్కుకే. దారిలో తిండి అంటే డిక్కీలో పులిహోర డబ్బా, అది అయిపోతే ఎగ్జిట్ పక్కన కనపడిన శాండ్‌విచ్ షాపు. అదే డబ్బుతో, అదే మూడు రోజుల్లో రెండు బేస్‌బాల్ ఆటలు, ఒక ఫుట్‌బాల్ స్టేడియం, నాలుగైదు ఊళ్ల అసలు తిండి చూసి రావచ్చు. మిల్వాకీ, షెబోయ్‌గన్, గ్రీన్ బే, యాపిల్టన్, మాడిసన్ మీదుగా గుండ్రంగా తిరిగితే మొత్తం 500 మైళ్లు అటూ ఇటూ. ఒక రోజులో 150 మైళ్లు దాటి నడపాల్సింది చివరి రోజే.

ఈ ప్రయాణం చెడేది రోడ్డు మీద కాదు, వేళల దగ్గర. మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్లలో వంటగది రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో కట్టేస్తారు. రాత్రి ఆట ముగిసేసరికి పది అవుతుంది. ఆట చూసొచ్చి తిందాం అనుకున్నవాళ్లకు మిగిలేది పెట్రోల్ బంకులో వేడి దీపం కింద ఆరిపోతున్న పిజ్జా ముక్క. అందుకని ముందు ఆట వేళలు ఖాయం చేసుకోండి. తిండి వేళలు వాటి చుట్టూ అల్లుకోండి. హోటల్ గది ఆఖరున చూసుకోవచ్చు.

ముందు క్యాలెండర్

మిల్వాకీ బ్రూవర్స్ బేస్‌బాల్ జట్టు సొంత ఊళ్లో ఆడే వారాంతం ఒకటి ఎంచుకోండి. శుక్రవారం ఆట సాధారణంగా రాత్రి 7 దాటాక, ఆదివారం ఆట మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలవుతుంది. అదే వారాంతం యాపిల్టన్ పక్కన గ్రాండ్ షూట్‌లో విస్కాన్సిన్ టింబర్ రాట్లర్స్ కూడా ఊళ్లోనే ఉన్నారేమో చూడండి. బ్రూవర్స్ కుర్రాళ్లు పెద్ద జట్టుకు ఎదిగే ముందు ఆడే మైనర్ లీగ్ జట్టు ఇది. ఈ లీగ్‌లో ఒక జట్టు ఒక ఊరికి వచ్చిందంటే మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు ఆటలూ అక్కడే. సోమవారం దాదాపు ఎప్పుడూ సెలవే. సీజన్ ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబర్ మొదట్లో అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం చలి ఎముకలు కొరుకుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు జూన్ మధ్య నుంచి ఆగస్టు ఆఖరు దాకా మంచిది.

రెండు టికెట్లనూ ఒకేలా కొనకండి. మిల్వాకీ స్టేడియానికి తెరుచుకుని మూసుకునే పైకప్పు ఉంది కాబట్టి వాన వచ్చినా ఆట ఆగదు, ఆ టికెట్ రెండు మూడు వారాల ముందే తీసుకోవచ్చు. యాపిల్టన్‌లో ఆకాశమే పైకప్పు. వానకు ఆట రద్దయితే మైనర్ లీగ్‌లో ఇంకో ఆటకు టికెట్ మార్చి ఇస్తారు తప్ప డబ్బు తిరిగి రావడం అరుదు. రెండొందల మైళ్ల అవతల ఉండేవాళ్లకు ఆ మార్పిడి టికెట్ చిత్తు కాగితమే. పైగా మొత్తం తొమ్మిదిలో అయిదు ఇన్నింగ్స్ పూర్తయ్యాక వాన వచ్చి ఆట ఆగిపోతే ఆట జరిగినట్టే లెక్క, టికెట్ కూడా అయిపోయినట్టే. కనుక యాపిల్టన్ టికెట్ ఆ రోజు పొద్దున వాతావరణం చూసి కొనండి. ఒక్కో టికెట్ సుమారు 10 నుంచి 20 డాలర్లు. బొమ్మలు పంచే, బాణసంచా కాల్చే రోజులు తప్ప సీట్లు దొరక్కపోవడం అరుదు.

పెద్ద లీగ్ టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి. స్టేడియం గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్ తీస్తే సిగ్నల్ చచ్చిపోతుంది. హోటల్‌లో ఉండగానే టికెట్‌ను ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోండి. మీ ఇంట్లో నలుగురికీ నాలుగు టికెట్లు ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే నలుగురూ కలిసే లోపలికి వెళ్లాలి. ఒకరు పార్కింగ్‌లో, మిగతావాళ్లు గేటు దగ్గర అనే పథకం పనికిరాదు.

శుక్రవారం: చేప ముందు, ఆట తర్వాత

మధ్యాహ్నం ఒంటిగంటలోపు బయల్దేరండి. రెండు దాటితే ఐ-94 మీద ఉత్తరం వైపు చికాగో జనమంతా సరస్సుల దగ్గరి ఇళ్లకు బయల్దేరుతారు, రెండు గంటల దారి మూడున్నర అవుతుంది. ఇల్లినాయ్‌లో టోల్ బూతుల దగ్గర నగదు తీసుకోవడం 2020లోనే ఆగిపోయింది. ఐ-పాస్ అనే ఎలక్ట్రానిక్ టోల్ ఖాతా ఉంటే కార్లకు టోల్ సగమే పడుతుంది. అద్దె కారు అయితే మీ ఐ-పాస్ ఖాతాలో ఆ కారు నంబరు మూడు రోజులకు చేర్చుకోండి, లేకపోతే అద్దె కంపెనీ తన రుసుము కలిపి బిల్లు పంపుతుంది. విస్కాన్సిన్‌లో అడుగుపెట్టాక టోల్ అన్నదే లేదు.

విస్కాన్సిన్‌లో శుక్రవారం సాయంత్రం అంటే ఫిష్ ఫ్రై. జర్మన్, పోలిష్ కాథలిక్ వలసదారులకు శుక్రవారం మాంసం నిషేధం. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచినప్పుడు సారాకొట్లు బతకడానికి చవగ్గా చేప వేయించి అమ్మాయి. నిషేధం పోయినా అలవాటు పోలేదు. ఇప్పుడు బార్లు, చర్చిలు, సప్పర్ క్లబ్బులనే పాతకాలపు రెస్టారెంట్లు, ఆఖరికి బౌలింగ్ ఆడే చోట్ల కూడా శుక్రవారం చేప ఉంటుంది.

నాలుగున్నరకల్లా టేబుల్ దగ్గర ఉండండి. ఆరింటికి గంట వరుస, ఎనిమిదింటికి పెర్చ్ చేప అయిపోయిందన్న జవాబు. పళ్లెంలో వేయించిన చేప, పచ్చి క్యాబేజీతో చేసిన కోల్‌స్లా, రై బ్రెడ్, టార్టార్ సాస్, నిమ్మచెక్క వస్తాయి. బంగాళాదుంప ఏ రూపంలో కావాలో అడుగుతారు. ఫ్రెంచ్ ఫ్రైస్ ఎక్కడైనా దొరుకుతాయి, పొటాటో ప్యాన్‌కేక్ ఉంటే అదే చెప్పండి. తురిమిన దుంపతో పెనం మీద కాల్చిన అట్టు అది, యాపిల్ సాస్‌తో ఇస్తారు. ఆ తీపి మన నాలుకకు ఎక్కకపోతే హాట్ సాస్ అడిగితే వెంటనే తెచ్చిపెడతారు.

చేపల్లో కాడ్ చవక, పెద్ద ముక్క, అపరిమితంగా పెట్టేది సాధారణంగా అదే. మనవాళ్లు ఒకసారి రుచి చూడాల్సింది పెర్చ్. చిన్న ముక్క, చర్మంతో సహా వేయిస్తారు, పక్కకు తెరిచిన పుస్తకంలా ఉంటుంది, గోదావరి జిల్లాల వాళ్లకు చెరువు చేప రుచి గుర్తొస్తుంది. వాలై కూడా మంచినీటి చేపే, కాస్త మెత్తన. పిండిలో బీరు కలిపే చోట్లు చాలా ఉన్నాయి. వద్దనుకునేవాళ్లు బ్రెడ్ పొడి అద్ది వేయించింది ఉందా అని అడగండి, లేదా బేక్ చేసింది చెప్పండి.

కొన్ని పాత బార్లలో కార్డు తీసుకోరు, మూలన ఉన్న ఏటీఎం రుసుము లాగుతుంది. దానికి ఉల్టా, పెద్ద స్టేడియాల్లో నగదు చెల్లదు. జేబులో 60 డాలర్లు నోట్లు, ఒక కార్డు రెండూ ఉంచుకోండి.

స్టేడియంలో

అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్ 2001లో తెరిచారు, 2021 దాకా దాని పేరు మిల్లర్ పార్క్. ఆరున్నరకు గేటు దగ్గర ఉంటే చాలు. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొంటే అక్కడ కొనేదానికన్నా తక్కువ పడుతుంది. బ్యాగు కొలతల నిబంధన మారుతూ ఉంటుంది కాబట్టి బయల్దేరే రోజు స్టేడియం సైటులో ఒకసారి చూసుకోండి.

క్రికెట్ తెలిసినవాళ్లకు బేస్‌బాల్ పది నిమిషాల్లో అర్థమవుతుంది, అయితే మూడు చోట్ల తికమక పడతారు. ఒకటి, బంతి ముందువైపున్న తొంభై డిగ్రీల పరిధిలో పడితే పరుగెత్తి తీరాలి, వద్దనుకునే హక్కు బ్యాటర్‌కు లేదు. అందుకే బంతిని ఫీల్డర్ నేల మీద నుంచి ఏరి, బ్యాటర్ మొదట చేరాల్సిన చోటైన మొదటి బేస్‌కు అతనికన్నా ముందు చేరిస్తే ఔట్. రెండు, వెనక్కో పక్కకో కొట్టిన బంతి ఫౌల్. మన లేట్ కట్, ఫైన్ లెగ్ గ్లాన్స్ ఇక్కడ పనికిరావు. మొదటి రెండు ఫౌల్స్ స్ట్రైక్‌లుగా (మూడు స్ట్రైక్‌లైతే ఔట్) లెక్క, ఆ తర్వాతవి లెక్కలోకి రావు. మూడు, మూడు ఔట్లకే పక్షం మారుతుంది, అలా తొమ్మిదిసార్లు. 2023లో బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆట రెండున్నర, రెండుముప్పావు గంటల్లో అయిపోతోంది, మన టీ20 కన్నా తక్కువే.

జనంలోకి వచ్చిన బంతిని తిరిగి ఇవ్వక్కర్లేదు, పట్టుకున్నవాళ్లదే. ఫౌల్ బంతి మాత్రం రాయిలా వస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వల ఉన్న సీట్లే తీసుకోండి, బ్యాటర్ నిలబడినంతసేపూ ఫోన్ లోపల పెట్టండి. ఆరో ఇన్నింగ్ మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లొద్దు. బ్రాట్‌వుర్స్ట్, పోలిష్, ఇటాలియన్, హాట్ డాగ్, చోరిజో అనే అయిదు సాసేజ్‌ల వేషాలు వేసుకున్న మనుషులు అప్పుడే మైదానంలో పరుగుపందెం పెట్టుకుంటారు. పిల్లలకు ఆట మొత్తంలో గుర్తుండేది ఇదే. బ్రూవర్స్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే ఎడమవైపు పైనున్న జట్టు వేషధారి బర్నీ బ్రూవర్ జారుడుబండ మీద సర్రున జారతాడు.

కార్ పార్కింగులో వంట

మిల్వాకీలో ఆటకు ముందు పార్కింగు మైదానమే పెద్ద వనభోజనం. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. దీన్ని, ఫిష్ ఫ్రైని ఒకే రోజు పెట్టుకోవద్దు, రెండూ సగం సగం అవుతాయి. ఆదివారం మధ్యాహ్నం ఆట ఎంచుకున్నవాళ్లకు ఇది సరిగ్గా కుదురుతుంది. ఆటకు మూడు గంటల ముందు పార్కింగ్ తెరుస్తారు, అప్పుడే చేరండి.

పద్నాలుగు అంగుళాల చిన్న గుండ్రటి గ్రిల్ చాలు. సుమారు 40 బొగ్గు బిళ్లలు చిమ్నీలో (బొగ్గు అంటించే లోహపు గొట్టం) వేసి అంటించండి. పైన బూడిద రంగు పొర పట్టేదాకా 20 నిమిషాలు ఆగాలి. ఇక్కడ తొందరపడితే తిండికంతా బొగ్గు పొగ వాసన పడుతుంది. బూడిద పట్టాక బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టండి. బ్రాట్‌లను (బ్రాట్‌వుర్స్ట్ సాసేజ్‌లను) ఖాళీగా ఉన్న పక్క పెట్టి మూత వేసి 15 నుంచి 20 నిమిషాలు, ఆఖర్న రెండు నిమిషాలు నిప్పు మీదికి జరిపి రంగు రానివ్వాలి. మొదటినుంచీ నిప్పు మీదే పెడితే తొడుగు పగిలి కొవ్వు కారి మంట లేస్తుంది, బయట మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఫోర్కుతో పొడవకండి, పట్టకారు వాడండి. లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి, కోడి అయితే 165. పదిహేను డాలర్ల థర్మామీటర్ ఈ చర్చంతా తీర్చేస్తుంది.

బ్రాట్ అంటే ప్రధానంగా పంది మాంసం, కొన్నిట్లో దూడ మాంసమో గొడ్డు మాంసమో కూడా కలుపుతారు. అది తినని ఇళ్లకు ఇదే నిప్పు మీద మొక్కజొన్న కంకులు, పనీర్, క్యాప్సికమ్ చక్కగా కాలుతాయి. కంకులు తొక్కతోనే అరగంట నీళ్లలో నానబెట్టి తెస్తే ఆవిరికి ఉడికి, తర్వాత తొక్క తీసి రెండు నిమిషాలు నిప్పుకి చూపిస్తే చాలు. పైన నిమ్మకాయ, ఉప్పు, కారం. పక్క కారువాళ్లు అదేంటని అడగటం ఖాయం, రెండు కంకులు ఎక్కువే తీసుకెళ్లండి. ఒకే గ్రిల్ మీద శాకాహారం కూడా వండాల్సి వస్తే ముందు అది వండి, తర్వాత మాంసం పెట్టండి.

పులిహోర బయట ఉంచినా ఒక పూట ఆగుతుంది. పెరుగన్నం, బిర్యానీ, గుడ్లు ఐస్ పెట్టెలోనే ఉండాలి. రెండు గంటలకు మించి బయట పెట్టొద్దు, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు గంటే. ఆటకు గంట ముందు నిప్పు ఆపేసి బొగ్గును అక్కడ పెట్టిన వేడి బొగ్గుల డబ్బాలో పోయండి. మామూలు చెత్తబుట్టలోనో కారు కిందో పోస్తే కారు తగలబడుతుంది.

శనివారం: షెబోయ్‌గన్, గ్రీన్ బే, యాపిల్టన్

ఐ-43 మీద ఉత్తరానికి గంట నడిపితే షెబోయ్‌గన్. బ్రాట్ తినేవాళ్లు ఇక్కడ ఆగండి. ఈ ఊళ్లో బ్రాట్‌ను మెత్తటి బన్నులో కాదు, బయట గట్టిగా, లోపల గుల్లగా ఉండే హార్డ్ రోల్‌లో పెడతారు. ఒకటి కాదు, రెండు పక్కపక్కన పెట్టి డబుల్ బ్రాట్ అంటారు. బొగ్గుల మీద కాల్చడాన్ని ఇక్కడ ఫ్రై ఔట్ అంటారు, ఆ మాట వాడితే మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. ఆవాలు ముద్ద, ఉల్లి, ఊరగాయ దోసకాయ చాలు.

మరో గంటలో గ్రీన్ బే. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరికి 80 వేలమంది పట్టే అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం లాంబో ఫీల్డ్ ఉంది. 1957లో కట్టారు. ఇక్కడి ప్యాకర్స్ జట్టుకు కోటీశ్వరుడైన యజమాని లేడు, అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. ఆ వాటాకు లాభం రాదు, అమ్ముకునే వీలూ లేదు, గోడకు తగిలించుకోవడానికే. సీజన్ టికెట్లు 1960 నుంచీ ఖాళీ లేవు. కాబట్టి మనబోటి వాళ్లకు దారి స్టేడియం టూర్. గంట పట్టే క్లాసిక్ టూర్‌లో ఆటగాళ్లు బయటికొచ్చే సొరంగం గుండా మైదానం అంచుకు నడిపిస్తారు. ఆట ఉన్న రోజు టూర్లు ఉండవు. వేసవి శనివారాల్లో మధ్యాహ్నం టూర్లు నిండిపోతాయి, ముందే బుక్ చేయండి. ఎదురుగా టైటిల్‌టౌన్ పార్కులో పిల్లల ఆటస్థలం ఉచితం.

జులై ఆఖరునుంచి ఆగస్టు మధ్యలో వెళ్లేవాళ్లకు ఇంకో ముచ్చట. సాధన ఉన్న రోజుల్లో ఆ ఊరి పిల్లలు తమ సైకిళ్లు తెచ్చి స్టేడియం బయట నిలబడతారు. ఆరడుగుల మూడంగుళాల ఆటగాడు చిన్నపిల్ల సైకిల్ మీద మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా సాధన మైదానం దాకా తొక్కుతాడు, పిల్ల అతని హెల్మెట్ మోస్తూ పక్కన పరుగెత్తుతుంది. చూడటానికి టికెట్ లేదు. ఆ రోజు సాధన వేళ జట్టు సైటులో ముందే పెడతారు.

శరత్కాలంలో అసలు ఆటకే వెళ్తామంటే నాలుగు విషయాలు. ఆ వారాంతం గ్రీన్ బేలో హోటళ్లు రెండు రాత్రులు తప్పనిసరి అంటాయి, యాపిల్టన్‌లో గది తీసుకోవడం మేలు. స్టేడియం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పచ్చికలో కార్లు పెట్టనిచ్చి డబ్బు తీసుకుంటారు, చాలావరకు నగదే. బ్యాగు పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించకూడదు. కూర్చునేది చాలాచోట్ల లోహపు బల్ల, నవంబర్ దాటితే కిందనుంచే చలి ఎక్కుతుంది. కాళ్ల కింద వేసుకోవడానికి ఒక అట్టముక్క తీసుకెళ్లండి, రెండో జత సాక్స్ కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

గ్రీన్ బే నుంచి ఐ-41 మీద అరగంటలో గ్రాండ్ షూట్. సాయంత్రం ఆరున్నర ఆటైతే అయిదున్నరకు చేరండి. ఇక్కడ మూడో బేస్ వైపు సీటు అడగండి. బేస్‌బాల్ మైదానాల్లో బ్యాటర్ ముఖం దాదాపు తూర్పుకి ఉండేలా కడతారు కాబట్టి మూడో బేస్ వైపు త్వరగా నీడ పడుతుంది, మొదటి బేస్ వైపు కూర్చుంటే ఎనిమిదింటిదాకా సూర్యుడు కళ్లలోనే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తే ఇది చిన్న సంగతి కాదు. సూర్యుడు దిగగానే గాలి చల్లబడుతుంది, జులైలో కూడా వాళ్లకో శాలువా ఉంచండి.

సప్పర్ క్లబ్బులో కూర్చునే పద్ధతి

ఏదో ఒక రాత్రి, ఆట లేనప్పుడు, ఒక సప్పర్ క్లబ్ చూడండి. పేరుకే క్లబ్, సభ్యత్వం అక్కర్లేదు. అక్కడి వరస తెలియనివాళ్లు మనల్ని పట్టించుకోవడం లేదనుకుని లేచి వచ్చేస్తుంటారు. తలుపు తోయగానే చెక్క గోడలు, మసక వెలుతురు, ఎదురుగా బార్. టేబుళ్లు ఖాళీగా కనపడినా అటు వెళ్లొద్దు. పేరు చెప్పి బార్ దగ్గర కూర్చోండి. పెద్దవాళ్లకు ఓల్డ్ ఫ్యాషన్డ్, ఇక్కడ దాన్ని విస్కీతో కాదు బ్రాందీతో కలుపుతారు. పిల్లలకు చెర్రీ వేసిన కిడ్డీ కాక్‌టైల్, అందులో మద్యం ఉండదు. మెనూ బార్ దగ్గరికే వస్తుంది, ఆర్డర్ అక్కడే తీసుకుంటారు. సలాడ్ టేబుల్ మీద పెట్టాక వచ్చి మిమ్మల్ని పిలుస్తారు. అరగంట, ముప్పావుగంట ఇలా గడవడమే ఇక్కడి మర్యాద. శనివారం ప్రైమ్ రిబ్, అంటే గొడ్డు మాంసం. ఆదివారం చాలాచోట్ల కోడి. సోమవారం మూసేసే చోట్లే ఎక్కువ. టిప్ 18 నుంచి 20 శాతం, బార్ దగ్గర గ్లాసుకో డాలర్. మద్యం అడిగితే వయసు పైబడినవారినైనా గుర్తింపు కార్డు అడగొచ్చు, అతిథులుగా వచ్చినవాళ్ల పాస్‌పోర్టు కారులో కాకుండా చేతి సంచిలో ఉంచండి.

శాకాహారులు దెబ్బతినే చోట్లు

ఇందులో మాంసం ఉందా అని అడిగితే లేదనే అంటారు, అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో ముక్క లేకపోతే మాంసం లేనట్టే. కూరగాయల సూపులో గొడ్డు మాంసపు రసం, బీర్ చీజ్ సూపులో కోడి రసం, బీన్స్‌లో బేకన్ ముక్కలు, సీజర్ సలాడ్‌లో ఆంకోవీ చేప ఉండటం మామూలే. చిల్లీ అంటే మిరపకాయ కాదు, గొడ్డు మాంసం ఉడికించిన కూర. రంగురంగుల మార్ష్‌మాలో సలాడ్‌లో జెలటిన్. సూప్ దేని రసంతో చేశారు, నూనె చేపకు వాడిందేనా, ఈ రెండూ విడివిడిగా అడగండి. శుక్రవారం రాత్రి దాదాపు ప్రతి మూకుడులోనూ చేప మునిగి ఉంటుంది కాబట్టి ఆ రోజు ఫ్రెంచ్ ఫ్రైస్ బదులు కాల్చిన దుంప చెప్పుకోవడం క్షేమం.

గుడ్డు తిననివాళ్లకు ఇంకో సంగతి. విస్కాన్సిన్ గర్వంగా చెప్పుకునే ఫ్రోజెన్ కస్టర్డ్ ఐస్‌క్రీమ్ కాదు. ఆ పేరుతో అమ్మాలంటే బరువులో కనీసం 1.4 శాతం గుడ్డు పచ్చసొన ఘనపదార్థం ఉండాలని అమెరికా ప్రభుత్వ నిబంధనే ఉంది. తినేవాళ్లు మాత్రం వదలొద్దు. మిల్వాకీలో గిల్స్ 1938 నుంచి, లియాన్స్ 1942 నుంచి, కాప్స్ 1950 నుంచి ఇదే అమ్ముతున్నాయి. గాలి తక్కువ కలుస్తుంది కాబట్టి చిక్కగా, నాలుక మీద నెమ్మదిగా కరుగుతుంది. రోజుకో ప్రత్యేక రుచి ఉంటుంది, ముందే చూసుకుని వెళ్లండి. 1984లో సాక్ సిటీలో పుట్టిన బర్గర్, కస్టర్డ్ హోటల్ కల్వర్స్ శాఖలు దాదాపు ప్రతి పెద్ద ఎగ్జిట్ దగ్గరా ఉంటాయి, వేళ తప్పినప్పుడు అదే ఆధారం. అక్కడ బటర్‌బర్గర్ అంటే వెన్న రాసిన బన్నులో గొడ్డు మాంసం, పేరు చూసి మోసపోకండి.

ఎగ్జిట్ ముందు కనపడే నీలం బోర్డు మీద లోగోలు డబ్బు కట్టినవాళ్లవి. ఊరి అసలు కొట్టు రెండు మూడు మైళ్లు లోపల, మెయిన్ స్ట్రీట్ మీద, బోర్డు లేకుండా ఉంటుంది. ఆ పది నిమిషాలు వెళ్లండి. మూత్రశాలకూ అరటిపండుకూ క్విక్ ట్రిప్ పెట్రోల్ బంకులు చాలు, ఈ దారిలో శుభ్రతకు అవే నమ్మకం.

ఆదివారం: కర్డ్ అంటే పెరుగు కాదు

యాపిల్టన్ నుంచి ఫాండ్ డు లాక్ మీదుగా మాడిసన్ రెండు గంటల లోపే. మెమోరియల్ యూనియన్ టెర్రస్ మీద సూర్యకిరణాల ఆకారం వీపున్న ఇనప కుర్చీలో కూర్చుని, మెండోటా సరస్సు చూస్తూ, విశ్వవిద్యాలయం సొంత డెయిరీ బాబ్‌కాక్ ఐస్‌క్రీమ్ తినొచ్చు. శనివారం పొద్దున క్యాపిటల్ భవనం చుట్టూ జరిగే రైతుబజారు మీకు ముఖ్యమైతే ప్రయాణాన్ని తిరగేయండి. శుక్రవారం మాడిసన్, శనివారం రాత్రి యాపిల్టన్, ఆదివారం మధ్యాహ్నం మిల్వాకీ ఆట. అప్పుడు గ్రీన్ బే వదులుకోవాలి. బజారులో జనం గడియారానికి ఎదురు దిశలో నడుస్తారు, మీరు అడ్డంగా నడిస్తే చిన్నపిల్లల బండ్లన్నీ మీకే తగులుతాయి.

ఇంటికి తెచ్చుకోవాల్సింది చీజ్ కర్డ్స్. మన ఇంగ్లిష్‌లో కర్డ్ అంటే పెరుగు కాబట్టి కొత్తవాళ్లు పొరబడతారు. ఇది పాలు విరిచి, అచ్చులో నొక్కకముందే తీసిన చీజ్ ముక్క. తాజాగా ఉంటే పళ్ల కింద కీచుమంటుంది, లోపలి ప్రోటీన్ అల్లిక ఇంకా బిగువుగా ఉండి పంటికి రుద్దుకోవడం వల్ల ఆ చప్పుడు. ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు అది పోతుంది, మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే కొంత తిరిగొస్తుంది. ఏ రోజు చేసినవో అడిగి కొనండి. పాలు విరవడానికి వేసే రెన్నెట్ జంతువుదా కాదా అన్నది చీటీ మీద ఎంజైమ్స్ అన్న మాట చూసి తెలియదు, అదీ అడగాలి.

కీచుమనడం మానేసిన కర్డ్స్‌ను పారేయొద్దు. బజ్జీల పిండి కాస్త చిక్కగా కలిపి, అందులో అరచెంచా వాము, కారం వేయండి. కర్డ్స్‌ను అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, పొడి మైదా అద్ది, పిండిలో ముంచి 375 డిగ్రీల ఫారెన్‌హీట్ నూనెలో వాయికి ఆరేడు చొప్పున వేయండి. నిమిషంలోపే బంగారు రంగు రావాలి. ఎక్కువసేపు ఉంచితే చీజ్ పిండిని చీల్చుకుని నూనెలోకి కారి చిందుతుంది. ఒకేసారి ఎక్కువ వేసినా అంతే, నూనె చల్లబడి రంగు వచ్చేలోపు లోపల కరిగిపోతుంది. తీసిన అయిదు నిమిషాల్లో తినేయాలి.